ఎనిమిదో పాట దొంగ

కెట్టరర్ వాళ్ల గడియారంలోంచి ఎవడో ఒక పాట ఎత్తుకుపోయాడట. ఉన్నవి ఎనిమిదైతే ఇప్పుడు ఏడే మోగుతున్నాయట. ఈ ముక్క రొట్టెల కొట్టు హెడ్విగ్ ఎవరితోనో అంటుంటే విన్నానని ఉత్తరాలు పంచే ఆవిడ లియోబాతో అన్నదట. లియోబా పొద్దున్నే వచ్చి తమ్ముడు యూజెన్ వంటింట్లో నిలబడి చెప్పేసరికి, ఒక్క దొంగ కాస్తా ముగ్గురయ్యారు. వాళ్లలో ఒకడికి కాలు కూడా కుంటి అయింది.

"పాటనెలా ఎత్తుకుపోతారే అక్కా? అదేమన్నా కోడిపెట్టా చంకలో పెట్టుకుపోడానికి?" అన్నాడు యూజెన్. ముప్పై నాలుగేళ్లు బడిలో సంగీతం చెప్పి, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించి, రెండేళ్ల కిందట రిటైరైన మనిషి. పాటలు జనం నోట్లో పడి పాడవడం చూశాడు గానీ దొంగలపాలవడం ఎన్నడూ వినలేదు.

"నాకేం తెలుసురా? హెడ్విగ్ అన్నదట. నేనొచ్చింది అందుకు కాదు. ఈ మాట మీ బావ చెవిన పడింది."

యూజెన్ చేతిలోని కాఫీ కప్పు బల్లమీద పెట్టేశాడు. "ఎప్పుడు?"

"అరగంటైంది. అద్దం ముందు నిలబడి టోపీ సవరించుకుంటున్నాడు. నువ్వు వెనక గుమ్మంలోంచి ఎటన్నా వెళ్లిపోతే..."

వెనక గుమ్మం తలుపు తెరుచుకుంది. నెత్తిన నల్లటి పొడుగు టోపీ, రెండు వరసల ఇత్తడి గుండీల నల్ల కోటు, భుజాన చుట్టలు చుట్టిన ఇనపతీగ, దాని కొసన ముళ్లపందిలాంటి గుండ్రటి బ్రష్షు. టానెన్‌గ్రుండ్ ఊరికీ చుట్టుపక్కల నాలుగు లోయలకీ సర్కారు నియమించిన పొగగొట్టాల మేస్త్రి ఓట్మార్ సౌవర్‌బెక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"యూజెన్! ఈ రోజు తేదీ రాసిపెట్టుకో. ఈ నల్లడవి కొండల్లో ఇప్పటిదాకా పుట్టిన మెదళ్లన్నీ తక్కెడలో ఒకవైపు వేసి, రెండో వైపు నా మెదడొక్కటే పెట్టి తూస్తే..."

"తక్కెడ పాడైందనుకుంటారు" అంది లియోబా.

"...ముల్లు నా వైపే వాలుతుంది. ఈ సంగతి నా నోటితో నేను చెప్పుకోకూడదు. ఇంకెవరూ చెప్పడం లేదు గనక తప్పడం లేదు."

నిరుడు తప్పిపోయిన మేక కేసు కూడా ఆయన ఇలాగే మొదలుపెట్టాడు. మూడు వారాలు యూజెన్‌ని వెంటేసుకుని అడవంతా గాలించాడు. చివరికి మేకే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

"బావా, నాకు ఇవాళ మోకాలు నొప్పి" అన్నాడు యూజెన్.

"కేసు నడిచేది మోకాలితో కాదు. నోటుపుస్తకం తీసుకో. ఒక్కటి గుర్తుపెట్టుకో, యూజెన్. ఈ ఊళ్లో ఏ ఇంట్లోకైనా చట్టప్రకారం అడుగుపెట్టగలిగేవాళ్లు ఇద్దరే. ఒకటి చావు, రెండోది నేను. పోలీసుకైనా కాగితం కావాలి."

లియోబా తమ్ముడి వంక జాలిగా చూసి, కోటు అందించింది. ఆ కోటు మీద నల్లగా వేలిముద్ర పడింది. ఆయనతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలు ఏది ముట్టుకున్నా అంతే.

ఊరి చివర పాత గడియారాల ఫ్యాక్టరీలో ఏటా నవంబరులో వేలం జరుగుతుంది. శుక్రవారం సరుకు చూసుకోవడం, శనివారం వేలంపాట. ఆ రెండు రోజులూ ఊళ్లో గదులు దొరకవు. జెనీవా నుంచీ ఒసాకా నుంచీ వచ్చిన కళ్లద్దాల పెద్దమనుషులు బల్లల మీద వంగి, ఇత్తడి మైక్రోస్కోపుల్లోకీ, ఓడలవాళ్లు నక్షత్రాలు కొలుచుకునే సామానులోకీ, మూత తీస్తే పిట్ట లేచి ఈలవేసే వెండి డబ్బాల్లోకీ తొంగిచూస్తూ ఉంటారు. ఒక మూల నుంచి వాల్ట్జ్, ఇంకో మూల నుంచి పెళ్లి పాట, మధ్యలో ఎవడో తిప్పిన చేతి ఆర్గన్ కూత. అన్నీ ఒకేసారి మోగుతుంటే సంగీతం మాస్టారు యూజెన్‌కి పళ్లు జివ్వుమన్నాయి.

ఓట్మార్ హాల్లో అడుగుపెట్టడమే ఆలస్యం, గుమ్మం దగ్గరే గుంపు కూడింది. పొగగొట్టాల మేస్త్రి ఎదురైతే అదృష్టం. భుజం రాసుకుంటే ఇంకాస్త. ఇత్తడి గుండీ పట్టుకుని తిప్పితే ఇక తిరుగులేదు. పెళ్లివాళ్లూ, పరీక్షలకెళ్లే పిల్లలూ వీధిలో ఆయన వెంటబడటం మామూలే. అలాంటిది, మనసు పడ్డ సరుకు పక్కవాడు పాడుకుపోతాడేమోనని గుండె గుప్పిట్లో పెట్టుకున్న వేలం జనం వదులుతారా? ఒసాకా పెద్దమనిషి వంగి దండం పెట్టి మరీ కుడి భుజం రాసుకున్నాడు. జెనీవా ఆయన ఎవరూ చూడకుండా గుండీ తిప్పి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"చూశావా యూజెన్, నా పేరు సముద్రాలు దాటింది" అన్నాడు ఓట్మార్.

"వాళ్లకి నీ పేరు తెలీదు బావా. టోపీ చూసి..."

"మధ్యలో మాట్లాడకు. ఆలోచన తెగిపోతుంది."

వేలం నడిపే ఆనెలీజ్ రొంబాఖ్ కళ్లద్దాలు ముక్కు కొసకి జార్చి వచ్చింది. "రండి మేస్త్రి గారూ. మీకెవరు చెప్పారో గానీ, చెప్పినవాళ్లని నేను మర్చిపోను."

గోడకి కాస్త ఎడంగా మనిషెత్తు గడియారం ఉంది. వాల్‌నట్ చెక్క పెట్టె, మీద గంటల పళ్లెం, కింద సన్నటి చెక్క పిల్లనగ్రోవుల వరస. నెంబరు నూటపన్నెండు.

"జూలైలో కొన్రాడ్ కెట్టరర్ గారి అటక మీద నేనే స్వయంగా విన్నాను. ఎనిమిదీ మోగాయి" అంది ఆనెలీజ్. "అలాగే కేటలాగులో వేశాను. మొన్న బుధవారం ఇక్కడికి తెచ్చి తిప్పితే ఏడో పాటయ్యాక మళ్లీ ఏడో పాటే. లోపల చెక్క డ్రమ్ము ఉంటుంది, దాని నిండా ఇత్తడి ముళ్లు. ఒక్కో ముల్లు ఒక్కో గొట్టంలోకి గాలి వదులుతుంది. ఒక పాట అయ్యాక డ్రమ్ము వెంట్రుకవాసి పక్కకి జరిగితే ఇంకో వరస ముళ్లు పనిలోకొస్తాయి. ఎనిమిదో వరసకి అది జరగడం లేదు."

"తలుపు తీసి చూస్తే పోయె" అన్నాడు యూజెన్.

"అదే కదా మాస్టారూ నా తలనొప్పి." ఆమె గడియారం వెనక తలుపు చూపించింది. అడ్డంగా కాగితం అతికించి, దాని మీద ఎర్ర లక్క ముద్ర వేసి ఉంది. "జూలైలో లాయరు వేసింది. అన్నాచెల్లెళ్లిద్దరూ సంతకం పెడితే గానీ తీయకూడదు. ఆయన సరేనంటే ఆవిడ వద్దంటుంది. ఆవిడ సరేనంటే ఆయన ఇంటికెళ్లిపోతాడు."

ఓట్మార్ లక్కముద్ర మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు. ముద్ర చెక్కు చెదరలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"మూసిన తలుపు! చెదరని ముద్ర! మాయమైన పాట! యూజెన్, రాసుకో. మూసిన తలుపు వెనక నేరం! యూరప్ మొత్తం మీద ఇలాంటి కేసు వెయ్యేళ్లకొకటి తగులుతుంది."

"తలుపు మూసి ఉందనే రాయనా, వెయ్యేళ్లు కూడా రాయనా?"

"రెండూ రాయి."

ఇక ఆ అన్నాచెల్లెళ్ల సంగతి. కొన్రాడ్ కెట్టరర్‌కి డెబ్భై ఏడు, ఆగాతకి డెబ్భై నాలుగు. ఒకే సందులో ఎదురెదురు ఇళ్లు. తండ్రి జెవెరీన్ పోతూ పోతూ ఈ గడియారం ఇద్దరికీ కలిపి వదిలిపెట్టాడు. ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మాట పట్టింపు వచ్చి, తొమ్మిదేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. చివరికి అమ్మేసి చెరిసగం తీసుకోమని లాయరు తేల్చాడు. గడియారంతో పాటు వచ్చిన పాటలు ఏడు. డ్రమ్ము మీద ఒక వరస ఖాళీగా ఉంటే, జెవెరీన్ సొంతంగా ఒక పాట కట్టి, చలికాలమంతా కూర్చుని ఒక్కో ముల్లూ తన చేత్తోనే కొట్టాడు. ఆ పాట ఏ కాగితం మీదా లేదు. ఎవరూ రికార్డు చేయలేదు. పిల్లలిద్దరికీ నోటికి రాదు, చెవికి మాత్రం తెలుసు. ఆ వరస ముళ్లు పోయాయంటే ఆ పాట లోకంలో లేనట్టే.

ఇద్దరూ గడియారానికి చెరోవైపు నిలబడి ఉన్నారు. ఓట్మార్ రాగానే ఇద్దరూ చెరో గుండీ తిప్పి, మళ్లీ ఎవరి చోటికి వాళ్లు వెళ్లారు. మధ్యలో యూజెన్ ఇరుక్కున్నాడు.

"యూజెన్ మాస్టారూ," అంది ఆగాత, "మీ ఎడమ పక్క నిలబడ్డ పెద్దమనిషికి చెప్పండి. ఎవరూ కొనకుండా పోవాలని నాన్న ముళ్లు పీకేసినవాడికి చెయ్యి పడిపోతుందని."

"మాస్టారూ, మీ కుడి పక్క ఉన్న ఆవిడకి చెప్పండి" అన్నాడు కొన్రాడ్. "యాభై ఏళ్లు గడియారాలు బాగుచేసినవాణ్ణి. ముల్లు పీకే చెయ్యి కాదిది. మా ఇంటి తాళంచెవి ఒకటి నాన్న పోయినప్పటి నుంచీ ఆవిడ దగ్గరే ఉంది. అదేం చేసిందో అడగండి."

"అది నా తేనెపెట్టెల గదిలో మేకుకి వేలాడుతోందని చెప్పండి. తీసుకుపొమ్మని తొమ్మిదేళ్ల కిందటే చెబుదామనుకున్నానని కూడా చెప్పండి."

"మాస్టారూ..."

"విన్నాడు, విన్నాడు. ఇద్దరూ విన్నారు" అన్నాడు యూజెన్.

ఓట్మార్ గొంతు సవరించుకుని విచారణ మొదలుపెట్టాడు. "ఆగాతమ్మగారూ! జూలై నుంచి నవంబరు దాకా మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే ఉన్నాను. నువ్వు ఆగస్టులో వచ్చి పొగగొట్టం తుడుస్తానని రాలేదుగా, నీ కోసం ఎదురుచూస్తూ ఉన్నాను."

యూజెన్ అది రాసుకోలేదు.

అప్పుడే ఓట్మార్ కంట్లో పడింది ఆధారం. గడియారం పెట్టె మీద, గంటల పళ్లెం అద్దం మీద నల్లటి వేలిముద్రలు. ఆయన భూతద్దం తీశాడు. పక్కన ఉన్న దుర్భిణీ మీద కూడా అవే. మైక్రోస్కోపు మీద, పిట్ట డబ్బా మీద, కేటలాగు అట్ట మీద, ఆనెలీజ్ కాఫీ కప్పు చెవి మీద, ఎక్కడ చూస్తే అక్కడ అవే.

"నల్లచేతుల ముఠా!" గుసగుసగా అన్నా ఆ మాట హాలు అవతలి గోడదాకా వినిపించింది. "చూడు యూజెన్, ఒక్కో ముద్ర ఒక్కో సైజు. కనీసం నలభై మంది. పెద్ద ముఠా. ఊళ్లో చేతులకి మసి అంటుకునేవాళ్లెవరు? బొగ్గులు కాల్చే ఫైట్. బయట సాసేజీలు కాల్చేవాడు. అచ్చాఫీసు వాళ్లు..."

"ఇంకొకరు కూడా ఉన్నారు బావా."

"ఎవరు?"

యూజెన్ బావ కోటు వంక చూశాడు. ఒసాకా ఆయన మళ్లీ వచ్చి ఈసారి ఎడమ భుజం రాసుకుంటున్నాడు. "ఏం లేదు" అన్నాడు యూజెన్. చెబితే సాయంత్రం దాకా వాదించాలి. మోకాలు నిజంగానే నొప్పి పుడుతోంది.

ఓట్మార్ ముద్రలన్నీ టేపుతో ఎత్తి నోటుపుస్తకంలో అతికించడం మొదలుపెట్టాడు. అలా అతికిస్తూ అతికిస్తూ వెనక్కి నడిచి, రెండు గాజు పళ్లేలు ఎదురెదురుగా తిరిగే మెరుపు యంత్రం దగ్గరికి చేరాడు. ఎవరో అప్పుడే దాన్ని తిప్పి చూపిస్తున్నారు. ఓట్మార్ మోచెయ్యి ఇత్తడి గోళానికి తగిలింది. టప్ మని నీలిరంగు నిప్పు. టోపీ ఎగిరి చేతి ఆర్గన్ మీద పడింది.

"హత్యాయత్నం!" అని అరిచాడు ఓట్మార్. "నేను నిజానికి చాలా దగ్గరికొచ్చేశాను, యూజెన్!"

"నువ్వు దగ్గరికెళ్లింది యంత్రానికి" అన్నాడు యూజెన్.

ఆ గోలంతా అయ్యాక యూజెన్ గడియారం పక్కన కాసేపు ఒంటరిగా నిలబడ్డాడు. చెవి ఆనించి విన్నాడు. లోపల సన్నగా, చాలా సన్నగా, ఈలలాంటి చప్పుడు వచ్చి ఆగి, మళ్లీ వచ్చింది. గొట్టాలకి ఊదే తిత్తి ఎక్కడో గాలి వదులుతోంది, తోలు పాతబడింది అనుకున్నాడు. ఎనభై ఏళ్ల చర్చి ఆర్గన్ కూడా అలాగే ఈల వేసేది.

శనివారం పొద్దున పదిన్నరకల్లా హాలు నిండింది. బయట ఉల్లిపాయ రొట్టె వాసన, లోపల తడి కోట్ల వాసన. నూటపదకొండో నెంబరు పాట అయిపోయి ఆనెలీజ్ సుత్తి కొట్టింది. అప్పుడు ఓట్మార్ వేదిక ఎక్కాడు.

"అయిదు నిమిషాలు!"

"రెండు" అంది ఆనెలీజ్.

"సోదర సోదరీమణులారా! ఈ హాల్లో తలుపులన్నీ మూయించాను..."

"ఒకటి మూసుకోదు మేస్త్రి గారూ, దానికి మడతబందు లేదు."

"...దొంగ ఈ హాల్లోనే ఉన్నాడు! మీ మధ్యే కూర్చుని, మీలాగే ఊపిరి పీలుస్తున్నాడు!" అని నోటుపుస్తకం విప్పి ఎత్తి పట్టుకున్నాడు. "గడియారం అద్దం మీది ఈ బొటనవేలి ముద్ర ఆగాతమ్మగారిది. నిన్న టీ కప్పు మీది ముద్రతో సరిపోల్చాను. పెట్టె మీది ఈ ముద్ర కొన్రాడ్ గారిది. ఇద్దరి చేతులూ నలుపే! ఇప్పుడు నేనడిగేదల్లా ఒక్కటే ప్రశ్న. ఈ మసి ఎక్కడి నుంచి వచ్చింది?"

"మీ కోటు మీంచి" అంది ఆనెలీజ్.

ఎవరో కిసుక్కుమన్నారు. ముందు వరసలో ఒకాయన తన బొటనవేలు చూసుకున్నాడు. పక్కాయన కూడా చూసుకున్నాడు. వరస వరసా చేతులు పైకి లేచాయి. హాలు నిండా నల్లటి బొటనవేళ్లు. జెనీవా ఆయన తన చెయ్యి జేబులోంచి తీయలేదు గానీ, జేబే నల్లగా ఉంది.

ఓట్మార్ ఆ చేతుల వంక చాలాసేపు చూశాడు. "నేననుకున్నదానికంటే పెద్ద ముఠా" అన్నాడు చివరికి.

నవ్వులు ఆగాక యూజెన్‌కి ఒక సందేహం వచ్చింది. పాడుకునేవాళ్లకి అదృష్టం కావాలి, నిజమే. అమ్ముకునేవాళ్లకి గుండీతో పనేముంది? ఆ మాటే పైకి అనేశాడు. "మరి ఆగాతమ్మా, కొన్రాడ్ గారూ మీరెందుకు తిప్పారు?"

ఇద్దరూ తలలు తిప్పేసుకున్నారు. ఆనెలీజ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"నేను చెప్పకూడదు. కానీ ఎలాగూ ఇంకో నిమిషంలో చేతులెత్తాల్సిందే కదా. ఇద్దరూ ఈ గడియారాన్ని పాడుకోవడానికే పేరిచ్చారు. ఆగాతమ్మది ముప్పై ఒకటో నెంబరు, కొన్రాడ్ గారిది అరవై నాలుగు. రెండోవాళ్లకి తెలియనివ్వొద్దని ఇద్దరూ నాతో ఒట్టు వేయించుకున్నారు."

కొన్రాడ్ చెల్లెలి సంచీ వంక చూశాడు. సంచీలోంచి నెంబరు అట్ట కొస బయటికి పొడుచుకుని ఉంది.

"మాస్టారూ," అన్నాడు, "అంత కావాలనుకుంటే అమ్మకం కాగితం మీద సంతకం ఎందుకు పెట్టిందో అడగండి."

"ఆయన పెట్టాడు గనక పెట్టానని చెప్పండి."

"నేను ఆవిడ పెడుతుందని పెట్టాను."

జనం తల ఇటూ అటూ తిప్పుతూ ఆ ముసలాళ్లనే చూస్తున్నారు. ఓట్మార్ వంక ఒక్కరూ చూడటం లేదు. అది ఆయన భరించలేకపోయాడు.

"ఆగండి!" అంటూ గిరుక్కున వెనక్కి తిరిగాడు. "అసలు నేరస్థుడు..."

నేరస్థుడెవరో ఆయనకీ తెలీదు. తిరిగిన ఊపుకి భుజం మీది తీగచుట్ట జారింది, కట్టు వదిలింది, పాములా బుస్సున విప్పుకుంది. కొసనున్న బ్రష్షు గాల్లో చుట్టూ తిరిగి వెళ్లి నూటపన్నెండో నెంబరు ముందువైపు అడుగుపలకకి దబ్బున తగిలింది. వెనక తలుపుకి లాయరు ముద్ర వేశాడు గానీ అడుగుపలక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బరువుల గొలుసులు దిగడానికి దానికి ఒక పక్క బొక్క ఉంది. ఆ పలక ఊడి పడింది.

దాని వెనకే జలజలా ఎండుటాకులు, నాచు, నమిలిన కాగితం, కొరికిన హేజెల్ గింజల చిప్పలు. చివర్న బూడిదరంగు బంతి ఒకటి మెల్లగా దొర్లి ఓట్మార్ బూటు దగ్గర ఆగింది.

"శవం!" అన్నాడు ఓట్మార్.

శవం సన్నగా ఈల వేస్తూ గురక పెట్టింది.

ఆగాత వంగి చూసింది. ఉడుత కంటే చిన్నది, ఎలుక కంటే బొద్దు. కుచ్చుతోక ముక్కు మీదికి కప్పుకుని ముడుచుకుని పడుకుంది. "శవం కాదు, నీ మొహం. ఏడునిద్రల ఎలుక. శీతాకాలమంతా పడుకుంటుంది. మా తేనెపెట్టెల్లో ఏటా ఒకటన్నా దూరుతుంది."

కొన్రాడ్ మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి చిన్న లైటు తీసి పెట్టె లోపలికి వేశాడు. చాలాసేపు చూశాడు. యాభై ఏళ్లు గడియారాల లోపల బతికిన మనిషి, తొందరపడలేదు.

"గూడు పైదాకా కట్టాయి. డ్రమ్ము కొసకీ చట్రానికీ మధ్య ఒక హేజెల్ గింజ ఇరుక్కుంది. అందుకే జరగడం లేదు."

"తీసేయండి మరి" అన్నాడు జెనీవా ఆయన.

"తీయలేను. డ్రమ్ము జరిగే సందులో ఇంకొకటి పడుకుని ఉంది. ఎనిమిదో వరసకి అడ్డంగా. దాని పక్కన చెక్క కొరికినట్టుంది. ముళ్లు ఉన్నాయో లేదో కనబడటం లేదు. గింజ లాగితే డ్రమ్ము జరుగుతుంది, జరిగితే అది నలిగిపోతుంది."

ఆనెలీజ్ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. శనివారమైనా జిల్లా అడవుల ఆఫీసులో డ్యూటీ మనిషి ఒకడు దొరికాడు. ఆమె "అలాగే", "అర్థమైంది", "గడియారంలో అండీ, అవును, గడియారంలోనే" అని చాలాసార్లు అని ఫోను పెట్టేసింది.

"చట్టం వాటి పక్షం. నిద్ర చెడగొడితే నేరం. ఈ వెచ్చటి హాల్లో ఇంకో రోజుంటే మెలకువ వచ్చి, తిండి దొరక్క చచ్చిపోతాయట. కదిలించకుండా, చప్పుడు చేయకుండా, ఎక్కడి నుంచి తెచ్చారో ఆ చలి అటక మీదే మళ్లీ పెట్టమన్నారు. మే నెల్లో అవంతట అవి లేచి పోయాకే ముట్టుకోవాలి."

"అయితే ఈ గడియారం ఇప్పుడెవరిది?" అని అడిగాడు ఒసాకా ఆయన.

"ప్రస్తుతానికి ఎలుకలది" అంది ఆనెలీజ్, పెన్సిల్‌తో నూటపన్నెండు కొట్టేస్తూ.

జెనీవా ఆయన తన నెంబరు అట్ట మడిచి లోపల పెట్టుకున్నాడు. పత్రిక కుర్రది ఒకతె ఓట్మార్ ముందు నిలబడి అడిగింది, పలక వెనక ఎలుక ఉందని ఎలా కనిపెట్టారని.

"దూరం, తీగ పొడవు, బ్రష్షు బరువు, మూడూ లెక్కగట్టాను" అన్నాడు ఓట్మార్. "నిన్న చూడగానే అనుకున్నా. కానీ సమయం రావాలి కదా. యూజెన్, రాసుకున్నావా?"

"రాసుకున్నా బావా. శవం గురక పెట్టిందని."

జనం మళ్లీ చుట్టూ మూగి గుండీలు తిప్పసాగారు. అందరికంటే ముందు తిప్పినవాడు జెనీవా ఆయనే. అతనికి నూటపద్దెనిమిదో నెంబరు కావాలి.

మధ్యాహ్నం మంచు సన్నగా రాలుతుంటే బండి కెట్టరర్ల సందులోకి వచ్చింది. దొర్లిపడ్డ ఎలుకని ఆగాత తన ఉన్ని టోపీలో పెట్టి, మళ్లీ గూట్లో పడుకోబెట్టి, అడుగుపలక మూసి తాడుతో కట్టింది. గడియారాన్ని నిలువునా, పసిపిల్లని మోసినట్టు మోయాలి. కింద యూజెన్, ఓట్మార్. పైన వేలం కంపెనీ మనుషులు ఇద్దరు. ముందు కొన్రాడ్ తలుపులు తీస్తూ నడిచాడు.

"ఎడమకి! ఎడమకి! సాక్షి కదులుతోంది!" అన్నాడు ఓట్మార్.

"మెల్లిగా మాట్లాడు బావా."

"నేను మెల్లిగానే..."

"ష్!" అన్నారు కొన్రాడూ ఆగాతా ఒకేసారి. తర్వాత ఇద్దరూ మెట్ల వంక చూశారు.

ఆగాత అన్న ఇంటి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తొమ్మిదేళ్లుగా ఆ గడప తొక్కలేదు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. ఎండుటాకుల బుట్ట చంకన పెట్టుకుని, బూట్లకంటిన మంచు దులుపుకుని లోపలికి వచ్చింది. పదిహేడు మెట్లు. పన్నెండో మెట్టు కిర్రుమంటుందని కొన్రాడ్ చెప్పబోయేలోగానే ఆమె దాన్ని దాటి పై మెట్టు మీద కాలేసింది.

అటక మీద నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. దుమ్ములో గడియారం పాత చోటు నలుచదరంగా తేటగా కనిపిస్తోంది. అక్కడే దింపారు. కంపెనీ మనుషులు దిగి వెళ్లిపోయారు. ఓట్మార్ ఏదో అనబోతే యూజెన్ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నల్లటి మసి చేతికంటింది. ఆ ఒక్కసారికి పట్టించుకోలేదు.

నలుగురూ అలా నిలబడిపోయారు. లోపల నుంచి సన్నటి ఈల వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. ఇప్పుడది ఒకటి కాదు, రెండని యూజెన్ చెవికి తెలిసింది. ఒకటి కాస్త పైస్థాయి, ఒకటి కాస్త కింద.

ఆగాత తన శాలువా తీసి, గొలుసుల బొక్కకి మరీ గాలి తగలకుండా పెట్టె అడుగున చుట్టూ కుక్కింది. దారి కోసం ఒక పక్క వేలెడంత ఖాళీ వదిలింది. కొన్రాడ్ ఆమె చేతులనే చూస్తున్నాడు. మాస్టారి వంక తిరగలేదు, మాస్టారూ చెప్పండి అనలేదు.

"ఆగాతా," అన్నాడు, "ఆ చెక్క కొరికేశాయేమో. ముళ్లన్నీ ఊడి పడిపోయి ఉంటాయేమో. మే నెల్లో తీసి చూస్తే నాన్న పాట ఉంటుందంటావా?"

ఆమె మోకాళ్ల మీద నుంచి లేచి, చేతుల దుమ్ము గౌనుకి తుడుచుకుంది.

"అవి లేచేదాకా నోరు మూసుకో అన్నయ్యా. తొమ్మిదేళ్లు మూసుకున్నావుగా, ఇంకో ఆర్నెల్లకి చచ్చిపోవులే."